బ్యాక్టీరియాని చంపే ప్లాస్టిక్: మందు కలపడం వేరు, అతికించడం వేరు

టూత్‌బ్రష్ హ్యాండిల్, ఫ్రిజ్ లోపలి గోడలు, కంప్యూటర్ కీబోర్డు, పిల్లల బొమ్మలు, టాయిలెట్ సీటు, ఇలా ప్లాస్టిక్‌తో చేసిన చాలా వస్తువుల మీద ఇప్పుడు యాంటీబ్యాక్టీరియల్ అనే మాట కనిపిస్తోంది. మాట ఒక్కటే గానీ దాని వెనక జరిగే పని ఒక్కటి కాదు. ఒక రకంలో ప్లాస్టిక్‌ని కరిగించి అచ్చు పోసేటప్పుడే అందులో బ్యాక్టీరియాని చంపే మందు కలిపేస్తారు, అది మెల్లమెల్లగా బయటికి ఊరుతూ పనిచేస్తుంది. ఇంకో రకంలో మందు విడిగా ఉండదు, ప్లాస్టిక్ అణువుల గొలుసుకే రసాయన బంధంతో దాన్ని అతికించేస్తారు, ఊరి బయటికి పోయేది ఏమీ ఉండదు, బ్యాక్టీరియా వచ్చి తాకితే తాకిన చోటే చావాలి. మొదటిది చవక, తేలిక, అందుకే ఎక్కువగా కనిపించేది అదే. రెండోది కష్టం, టైమ్ పడుతుంది, గానీ నిజంగా ప్రాణాల మీదికి వచ్చే చోట ఎక్కువ ఆశ పెట్టుకోదగ్గ దారి అదే.

అసలు ప్లాస్టిక్ మీద బ్యాక్టీరియా ఎన్నాళ్లు బతుకుతుందో తెలిస్తే ఇదంతా ఎందుకో అర్థమవుతుంది. 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో హాస్పిటళ్లలో వాడే బట్టల మీద, ప్లాస్టిక్ మీద స్టెఫైలోకాకస్, ఎంటెరోకాకస్ అనే బ్యాక్టీరియా రకాల్ని వేసి రోజూ చూస్తూ పోయారు, అన్నీ కనీసం ఒక రోజు బతికాయి, కొన్ని అయితే పాలిథిలిన్ మీద దాదాపు 90 రోజులు బతికాయి. మూడు నెలలు! తిండి లేదు, నీళ్లు లేవు, పొడి ప్లాస్టిక్ ముక్క మీద. ఇక తడి ఉన్న చోట, అంటే శరీరం లోపలికి వెళ్లే గొట్టాల మీద, పరిస్థితి ఇంకా దారుణం. మూత్రం పోవడానికి పెట్టే క్యాథెటర్ ఉన్న పేషెంటుకి మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం రోజుకి సుమారు 3 నుంచి 7 శాతం చొప్పున పెరుగుతూ పోతుంది, నెల రోజులు ఉంచితే దాదాపు అందరికీ చేరినట్టే.

ఆ గొట్టం మీద ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూద్దాం. గొట్టం లోపలికి వెళ్లిన నిమిషాల్లోనే మన ప్రొటీన్లు దాని మీద పల్చటి పొరలాగా పట్టేస్తాయి, ఎందుకంటే ప్లాస్టిక్ ఉపరితలం నీళ్లంటే పడనిది, ప్రొటీన్లు అలాంటి చోట్లకి ఇట్టే అతుక్కుంటాయి. ఆ పొర మీద ఎక్కడో ఒక బ్యాక్టీరియా వాలుతుంది, మొదట్లో వదులుగానే ఉంటుంది, కడిగితే పోతుంది. కొన్ని గంటలు గడిచాక గట్టిగా పట్టుకుంటుంది, రెండుగా చీలుతుంది, నాలుగు అవుతుంది, చుట్టూ చక్కెర గొలుసులు, ప్రొటీన్లు, డీఎన్‌ఏ ముక్కలు కలిసిన జిగురు ఒకటి ఊర్చుకుని ఆ జిగురులో కాపురం పెట్టేస్తుంది. దీన్నే బయోఫిల్మ్ అంటారు. ఒకసారి అది కట్టిందంటే యాంటీబయాటిక్ లోపలి దాకా సరిగా చేరదు, చేరినా అడుగున మందకొడిగా పడున్న కణాల మీద దాని పప్పులుడకవు, విడిగా తేలే బ్యాక్టీరియాని చంపే డోసు కంటే కొన్నిసార్లు వెయ్యి రెట్లు కావాల్సి వస్తుంది. డాక్టర్లు చివరికి గొట్టం తీసి కొత్తది వెయ్యడం తప్ప చేసేదేం ఉండదు. కాబట్టి ఆ మొదటి బ్యాక్టీరియా వాలిన ఆ కొన్ని గంటల్లోనే దాన్ని ఆపగలిగితే తర్వాత గొడవ చాలావరకు తప్పుతుంది.

ఇప్పుడు మందు కలిపే పద్ధతి సంగతి. ఫ్యాక్టరీలో మాస్టర్‌బ్యాచ్ అని గట్టి మోతాదులో మందు కలిపిన గుళికలు వస్తాయి, వాటిని మామూలు ప్లాస్టిక్ గుళికలతో కలిపి మెషిన్‌లో పోసేస్తే చాలు, కొత్త మెషిన్ అక్కర్లేదు, కొత్త కెమిస్ట్రీ అక్కర్లేదు. ఆ మందు సాధారణంగా వెండి అయాన్లు (చార్జీ ఉన్న వెండి అణువులు) పట్టి ఉంచిన జియోలైట్ అనే సన్నని రంధ్రాల ఖనిజం లేదా గాజు పొడి, లేకపోతే జింక్ పైరిథియోన్, ఒకప్పుడు ట్రైక్లోసాన్ అనే రసాయనాలు. వెండి అయాన్ బ్యాక్టీరియా ఎంజైముల్లో ఉండే గంధకపు గుంపుల్ని పట్టుకుని వాటిని పనిచెయ్యనివ్వకుండా చేస్తుంది, ఇది చాలా పాత విద్యే. చిక్కు ఎక్కడంటే వెండి అయాన్ బయటికి రావాలంటే ప్లాస్టిక్ లోపలికి కాస్త తేమ వెళ్లాలి. నైలాన్ తేమ పీల్చుకుంటుంది కాబట్టి అందులోంచి వెండి వస్తుంది, అదే పాలిప్రొపిలిన్ నీటిని దాదాపు పీల్చుకోదు, అందులో లోపల కూరుకుపోయిన వెండి చాలావరకు అక్కడే ఉండిపోతుంది, పై అంచులో ఉన్న కొంచెమే పని చేస్తుంది. అంటే ఒకే మందు, ఒకే మోతాదు, ప్లాస్టిక్ మారితే ఫలితం మారిపోతుంది. ఇక మందు బాగా బయటికి వచ్చే ప్లాస్టిక్ అయితే ఇంకో తంటా, వచ్చేది వచ్చినంత కాలమే పనిచేస్తుంది, తర్వాత అది మామూలు ప్లాస్టిక్కే, పైగా బయటికి వచ్చిన మందు డ్రైనేజీలో కలిసి ఇంకెక్కడికో పోతుంది.

ఇక్కడ భయపడాల్సిన విషయం ఏంటంటే మందు అయిపోయే ముందు చాలాకాలం చాలా తక్కువ మోతాదులో ఊరుతూ ఉంటుంది, చంపడానికి చాలదు గానీ బ్యాక్టీరియాకి అలవాటు చెయ్యడానికి సరిపోతుంది. ట్రైక్లోసాన్ విషయంలో ఇది బాగా తెలిసొచ్చింది. మొదట్లో అది కణాన్ని ఏదో మొత్తంగా చితక్కొట్టేస్తుంది, దానికి రెసిస్టెన్స్ రాదు అనుకునేవాళ్లు, 1998లో అది ఈ కోలై అనే పేగు బ్యాక్టీరియాలో కొవ్వు ఆమ్లాలు తయారు చేసే ఒకే ఒక్క ఎంజైమ్‌ని టార్గెట్ చేస్తుందని బయటపడింది, ఆ ఎంజైమ్ జీన్‌లో చిన్న మార్పు వస్తే చాలు బ్యాక్టీరియా తప్పించుకుంటుంది. 2016 సెప్టెంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ట్రైక్లోసాన్‌తో కలిపి 19 పదార్థాల్ని ఇళ్లలో వాడే యాంటీసెప్టిక్ సబ్బుల్లోంచి తీసెయ్యమంది. ఆ రూలు సబ్బులకే, ప్లాస్టిక్‌కి కాదు, గానీ ఆలోచన మాత్రం రెండింటికీ వర్తిస్తుంది. వెండికి రెసిస్టెన్స్ రాదనేది కూడా నిజం కాదు, 1975లోనే బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ కాలిన గాయాల వార్డులో సిల్వర్ నైట్రేట్‌కి లొంగని సాల్మొనెల్లా బ్యాక్టీరియా దొరికింది, అది క్లోరాంఫెనికాల్, యాంపిసిలిన్ అనే యాంటీబయాటిక్స్‌కి కూడా లొంగలేదు.

అతికించే పద్ధతికి వస్తే, మొదటి కష్టం ప్లాస్టిక్ స్వభావమే. పాలిథిలిన్, పాలిప్రొపిలిన్ అంటే ఉత్త కార్బన్, హైడ్రోజన్ గొలుసులు, ఏ రసాయనం వచ్చినా పట్టుకోవడానికి కొక్కెం లాంటిది ఎక్కడా లేదు. అందుకే కదా అవి అంత మన్నుతాయి, యాసిడ్ పోసినా చలించవు. ముందు ఆ నున్నటి గొలుసు మీద కొక్కేలు మొలిపించాలి. దానికి ప్లాస్మా వాడతారు, ఆక్సిజన్‌నో ఆర్గాన్‌నో కరెంటుతో మండించినట్టు చేసి ప్లాస్టిక్ మీదికి వదిలితే పైపొరలో కొన్ని హైడ్రోజన్లు ఎగిరిపోయి ఆ చోట్లలో ఆక్సిజన్ గుంపులు వస్తాయి. లేదంటే బెంజోఫినోన్ అనే రసాయనం పూసి యూవీ లైట్ వేస్తారు, అది గొలుసులోంచి హైడ్రోజన్‌ని లాగేస్తుంది, ఖాళీ అయిన చోట కొత్త గొలుసు మొలకెత్తుతుంది. గామా కిరణాలతో, ఓజోన్‌తో కూడా చేస్తారు. పీవీసీకి ఇంత కష్టం లేదు, దాని గొలుసు మీద క్లోరిన్లు ముందే ఉన్నాయి కాబట్టి ఆ క్లోరిన్‌ని తోసేసి ఆ స్థానంలో గంధకం ఉన్న అణువునో, అజైడ్ అనే నైట్రోజన్ గుంపునో కూర్చోబెట్టి దానికి మనకి కావాల్సింది తగిలించొచ్చు, కాకపోతే ఎక్కువ తోస్తే పీవీసీయే పాడైపోతుంది, రంగు మారి పెళుసెక్కుతుంది. పెట్, అంటే నీళ్ల బాటిళ్లు చేసే ప్లాస్టిక్, దానికి అయితే గొలుసులో ఉండే ఎస్టర్ బంధాల్ని అమీన్ అనే నైట్రోజన్ రసాయనంతో కొద్దిగా తెంచితే అక్కడ కొక్కెం వచ్చేస్తుంది.

ప్లాస్మా పద్ధతిలో ఒక తమాషా ఉంది, ప్లాస్మా చేసిన ప్లాస్టిక్ మీద నీటి చుక్క వేస్తే చక్కగా పరుచుకుంటుంది, అదే ముక్కని పక్కన పెట్టి కొన్ని రోజులు, వారాలు పోయాక మళ్లీ చుక్క వేస్తే మళ్లీ ముత్యంలా గుండ్రంగా నిలబడుతుంది. పైకి వచ్చిన ఆక్సిజన్ గుంపులు ఎక్కడికీ పోలేదు, గొలుసులు మెల్లగా దొర్లి వాటిని లోపలికి తిప్పేసుకున్నాయి. గట్టిగా కనిపించే ప్లాస్టిక్ లోపల అణువులు అంత కదులుతూ ఉంటాయన్నమాట. కాబట్టి కొక్కెం మొలిచిన వెంటనే తర్వాతి అణువుని తగిలించెయ్యాలి, ఆలస్యం చేస్తే చేసిన పని దండగ.

కొక్కేనికి ఏం తగిలించాలి అనే ప్రశ్నకి ఎక్కువ పేరొచ్చిన జవాబు 2001లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ నుంచి వచ్చింది. జోర్గ్ టిల్లర్, అలెగ్జాండర్ క్లిబనోవ్, వాళ్ల టీమ్ కలిసి గాజు పలకకి పాలీవినైల్‌పిరిడిన్ అనే పొడవాటి గొలుసుల్ని అతికించి, దాని నైట్రోజన్లకి ఆరు కార్బన్ల తోక తగిలించి శాశ్వతమైన ప్లస్ చార్జీ వచ్చేలా చేశారు. దాని మీద బ్యాక్టీరియా ఉన్న నీళ్లు స్ప్రే చేస్తే ఒక రకంలో సుమారు 94 శాతం చచ్చిపోయాయి, కొన్ని రకాల్లో 99 శాతం దాటింది. మరుసటి ఏడాది అదే టీమ్ ఇదే పని పాలిథిలిన్, పాలిప్రొపిలిన్, నైలాన్, పెట్ మీద కూడా చేసి చూపించింది. ఇందులో చూడాల్సింది ఆ తోక పొడవు. మూడు నుంచి ఎనిమిది కార్బన్ల తోక ఉంటే చంపుతుంది, పదికి చేరితే ఆ శక్తి బాగా పడిపోతుంది. తోకలు పొడుగైతే నీళ్లంటే భయపడి ఒకదాన్నొకటి పట్టుకుని ఆ గొలుసుల్ని ముద్దలా పడుకోబెట్టేస్తాయి, ఇక అవి లేచి బ్యాక్టీరియాని అందుకోలేవు. మరీ పొట్టిదైతే పొరలోకి దిగదు. ఇంత సన్నని తూకం మీద నడుస్తుంది పని అంతా.

చంపడం ఎలా జరుగుతుందంటే, బ్యాక్టీరియా పై పొర మీద మైనస్ చార్జీ ఉంటుంది, ఆ పొరని కుట్టినట్టు పట్టి ఉంచేది కాల్షియం, మెగ్నీషియం అయాన్లు. ప్లస్ చార్జీలు కిక్కిరిసి ఉన్న ఉపరితలం మీదికి అది వచ్చి వాలగానే ఆ అయాన్లు స్థానం తప్పుతాయి, కొవ్వు పొరలోకి తోకలు దిగుతాయి, పొర చిరిగి లోపలిదంతా కారిపోతుంది. ఒక ఎంజైమ్ మీద కాకుండా మొత్తం పొర మీదే దెబ్బ కాబట్టి ఒక జీన్ మార్చుకుని తప్పించుకోవడం కష్టం. స్టెఫైలోకాకస్‌లో ఇలాంటి మందుల్ని బయటికి తోసేసే పంపులు ఉన్నాయి, నిజమే, కానీ ఆ పంపు లోపలికి వచ్చిన అణువునే తోయగలదు, గోడకి కట్టేసి ఉన్న దాన్ని ఎక్కడికని తోస్తుంది? అతికించడంలో ఉన్న అసలు లాభం ఇదే. అయితే చార్జీలు పల్చగా ఉంటే పని జరగదు. 2007లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో చేసిన పనిలో చదరపు సెంటీమీటరుకి సుమారు 50 కోట్ల కోట్ల ప్లస్ చార్జీలు అందుబాటులో ఉంటేనే బాగా చంపుతుందని లెక్క తేలింది, అంత చార్జీ ఒక్క పొర అణువులతో రాదు, బ్రష్ పీచులా దట్టంగా గొలుసులు నిలబడాలి.

అంతా బాగానే ఉంది గానీ దీని బలహీనత కూడా దీని బలంలోనే ఉంది. తాకితేనే చంపుతుంది అంటే తాకనివ్వని ప్రతిదీ దానికి అడ్డే. చచ్చిన బ్యాక్టీరియా అక్కడే అతుక్కుపోతుంది, దాని మైనస్ చార్జీ మన ప్లస్ చార్జీని కప్పేస్తుంది, తర్వాత వచ్చే బ్యాక్టీరియాకి ఆ శవాల మీద సుఖంగా చోటు దొరుకుతుంది. రక్తం, చెమట, వేలి జిడ్డు, సబ్బు, అన్నీ అంతే. కాబట్టి ఇలాంటి ఉపరితలాన్ని తుడవక్కర్లేదు అనుకుంటే పెద్ద తప్పు, దీన్నే ఇంకా శ్రద్ధగా తుడవాలి.

ఈ చిక్కుకి రెండు మూడు దారులు వెతికారు. ఒకటి ఎన్-హాలమీన్లు, నైట్రోజన్‌కి క్లోరిన్‌ని కట్టి ఉంచే గుంపుల్ని ప్లాస్టిక్‌కి అతికిస్తారు, ఆ క్లోరిన్ బ్యాక్టీరియాని ఆక్సీకరణం చేసి చంపుతుంది, చంపాక ఖర్చయిపోతుంది, మళ్లీ పల్చటి బ్లీచ్‌తో తుడిస్తే క్లోరిన్ నిండుతుంది. ఫోన్ చార్జింగ్ పెట్టినట్టే. బ్లీచ్ ఎలాగూ వాడే చోట్ల ఇది మంచి ఐడియా, కాకపోతే మురికి ఉంటే క్లోరిన్ మురికి మీదే ఖర్చయిపోతుంది. ఇంకో దారిలో అసలు చంపరు, అతుక్కోనివ్వరు. ప్లస్, మైనస్ రెండూ ఒకే అణువులో ఉన్న జ్విటరయాన్ గొలుసులు నీటిని గట్టిగా పట్టుకుని ఉంటాయి, ప్రొటీన్ వచ్చినా బ్యాక్టీరియా వచ్చినా ఆ నీటి పొరని దాటి అడుగుకి చేరలేక జారిపోతుంది. చంపడం, అతుక్కోనివ్వకపోవడం అనే ఈ రెండు ఆలోచనల్ని కలిపింది 2008లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో షావోయీ జియాంగ్ టీమ్, ముందు ప్లస్ చార్జీతో బ్యాక్టీరియాని చంపే గొలుసు, తర్వాత నీటితో మెల్లగా విడిపోయి జ్విటరయాన్‌గా మారి ఆ శవాల్ని వదిలేస్తుంది. ఈ కోలైలో 99.9 శాతం పైన చచ్చాయి, చచ్చినవాటిలో 98 శాతం ఊడిపోయాయి. ఆ మార్పు ఒకసారే జరుగుతుంది, వెనక్కి తిరగదు, అది దాని హద్దు, అయినా సమస్య ఎక్కడుందో సరిగ్గా పట్టుకున్న పని ఇది.

ఇప్పుడు ప్యాకెట్ మీద కనిపించే 99.9 శాతం అనే అంకె దగ్గరికి వద్దాం, ఎందుకంటే కొనేవాళ్లకి చేరేది అదొక్కటే. ప్లాస్టిక్‌కి ఎక్కువగా వాడే టెస్ట్ ఐఎస్‌ఓ 22196 అనే అంతర్జాతీయ స్టాండర్డ్, దానికి మూలం 2000 నాటి జపాన్ స్టాండర్డ్ జేఐఎస్ జెడ్ 2801. ఐదు సెంటీమీటర్ల చదరం ముక్క మీద 0.4 మిల్లీలీటర్ల బ్యాక్టీరియా నీళ్లు వేసి, పైన నాలుగు సెంటీమీటర్ల పల్చటి ఫిల్మ్ కప్పి అదంతా సమంగా పరుచుకునేలా చేసి, 35 డిగ్రీల వేడిలో, 90 శాతం పైన తేమలో 24 గంటలు ఉంచుతారు. తర్వాత మామూలు ప్లాస్టిక్ మీద ఎన్ని మిగిలాయి, మందు ప్లాస్టిక్ మీద ఎన్ని మిగిలాయి అని పోలుస్తారు. టెస్ట్‌లో తప్పేం లేదు, ఒక ల్యాబ్‌కీ ఇంకో ల్యాబ్‌కీ పోల్చుకోవడానికి ఇలాంటిది ఉండాల్సిందే. కానీ తలుపు హ్యాండిల్ మీద 24 గంటల పాటు ఫిల్మ్ కప్పిన తడి ఎక్కడుంటుంది? అక్కడ తుమ్మితే పడిన తుంపర నిమిషాల్లో ఆరిపోతుంది, వెండి అయాన్ కదలడానికి నీళ్లే ఉండవు. పొడి చోట వాడే వస్తువుకి తడిలో చేసిన టెస్ట్ అంకె చూపించడం కొనేవాళ్లని తప్పుదారి పట్టించడమే.

ఆ 99.9ని కూడా కాస్త లెక్కేసి చూడాలి. పది లక్షల బ్యాక్టీరియాలో 99.9 శాతం చస్తే వెయ్యి మిగులుతాయి. ఈ కోలై లాంటిది తిండి, తేమ, వేడి బాగుంటే 20 నిమిషాలకోసారి రెట్టింపు అవుతుంది, పది రెట్టింపులకి వెయ్యి రెట్లు, అంటే మూడున్నర గంటల లోపే మళ్లీ పది లక్షలు. చంపడం ఆగకుండా జరుగుతూ ఉంటేనే ఆ అంకెకి అర్థం.

వస్తువుని కాపాడటం వేరు, మనిషిని కాపాడటం వేరు అనే తేడాని చట్టం కూడా గుర్తించింది, ఇది చాలామందికి తెలియదు. అమెరికాలో పర్యావరణ సంస్థ ఈపీఏ రూలు ప్రకారం మందు కలిపిన వస్తువుని రిజిస్టర్ చెయ్యకుండా అమ్మాలంటే ఆ మందు వస్తువుని కాపాడుతుంది అని మాత్రమే చెప్పుకోవాలి, అంటే వాసన రాకుండా, మచ్చలు పడకుండా, బూజు పట్టకుండా. మనుషుల్ని జబ్బుల నుంచి కాపాడుతుంది అని చెప్పాలంటే విడిగా రుజువు చూపించి రిజిస్టర్ చేయించుకోవాలి, 2008లో రాగి మిశ్రమ లోహాలు అలా పర్మిషన్ తెచ్చుకున్నాయి. యూరప్‌లో 2013 నుంచి అమల్లో ఉన్న బయోసైడ్ చట్టం కూడా ఇలాంటి గొప్పలు చెప్పుకునే వస్తువులో ఏ మందు వాడారో లేబుల్ మీద రాయాలంటుంది. నిజానికి ప్లాస్టిక్‌లో మందు కలపడం చాలావరకు మొదలైందే ప్లాస్టిక్‌ని కాపాడుకోవడానికి, మెత్తటి పీవీసీలో ఉండే ప్లాస్టిసైజర్‌ని, అంటే దాన్ని మెత్తగా ఉంచే రసాయనాన్ని, బూజు తినేస్తుందని దశాబ్దాల పాటు అందులో ఆర్సెనిక్ ఉన్న మందు కలిపేవాళ్లు.

మరి హాస్పిటల్ గొట్టాల్లో పేషెంటుకి నిజంగా మేలు జరిగిందా అంటే, ఇప్పటిదాకా పెద్ద ట్రయల్స్ జరిగింది ఎక్కువగా పూత పూసిన రకాల మీదే, జవాబు కూడా ఒకేలా లేదు. 2008లో వచ్చిన ఒక ట్రయల్‌లో శ్వాస గొట్టానికి వెండి పూత పూస్తే, 24 గంటలకి మించి గొట్టం ఉన్నవాళ్లలో వెంటిలేటర్ న్యుమోనియా 7.5 శాతం నుంచి 4.8 శాతానికి తగ్గింది, చావులు మాత్రం తగ్గలేదు. 2012లో బ్రిటన్‌లో 7,000 మందికి పైగా పేషెంట్ల మీద మూత్రపు క్యాథెటర్లతో చేసిన ట్రయల్‌లో మామూలు దానితో 12.6 శాతం మందికి, వెండి పూత ఉన్న దానితో 12.5 శాతం మందికి ఇన్ఫెక్షన్ లక్షణాలు వచ్చాయి, అంటే తేడా లేనట్టే. ల్యాబ్‌లో గిన్నెలో గెలిచిన పూత శరీరంలో ఓడిపోవడానికి కారణాలు చాలావరకు పైన చెప్పినవే, ప్రొటీన్ పొర కప్పెయ్యడం, మందు అయిపోవడం, వాటికి తోడు మూత్రంలో ఉండే లవణాలు. అతికించిన ప్లస్ చార్జీలు అయినా ఇదే పరీక్ష దాటాలి, శరీర ద్రవాల్లో, రోజుల తరబడి, మన కణాల్ని, ముఖ్యంగా ఎర్ర రక్తకణాల్ని చంపకుండా. మన కణాల పొర బయటి వైపు మైనస్ చార్జీ తక్కువ ఉండటం వల్ల కొంత తేడా దొరుకుతుంది గానీ ఆ తేడా మరీ ఎక్కువేం కాదు.

అందుకని ఈ టెక్నాలజీని బొమ్మల మీద, కీబోర్డుల మీద, నెల తిరక్కుండా పారేసే డబ్బాల మీద ఖర్చు పెట్టడం కంటే, తడి ఉండి, మనిషి శరీరంలో రోజుల తరబడి ఉండి, తీసి కడగడానికి వీల్లేని చోట్ల పెట్టడం న్యాయం. క్యాథెటర్లు, సెంట్రల్ లైన్లు (పెద్ద రక్తనాళంలోకి పెట్టే గొట్టాలు), శ్వాస గొట్టాలు, ఎముకల ఇంప్లాంట్ల ప్లాస్టిక్ భాగాలు, నీటి ఫిల్టర్ మెంబ్రేన్లు. ఇంటి వస్తువుల సంగతి సబ్బూ నీళ్లూ చూసుకుంటాయి. పేపర్లలో ఇలాంటి కొత్త ప్లాస్టిక్ గురించి వార్త వచ్చినప్పుడు అడగాల్సినవి కొన్నే: మందు ఊరుతుందా, అతికించి ఉందా, టెస్ట్ చేసింది ఉత్త నీళ్లలోనా లేక రక్తమో మూత్రమో కలిపా, ఒక రోజు తర్వాత చూశారా, రెండు వారాల తర్వాత చూశారా, చచ్చిన బ్యాక్టీరియా ఎక్కడికి పోయింది. ఈ ఆఖరి ప్రశ్నకి జవాబు రాయని రిపోర్టులే ఎక్కువ.